ఇంట్లో డేర్, హాస్టల్లో ట్రూత్: ఎవరితో ఏది ఆడాలి?

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. అందుకే చీపురుపల్లి దగ్గర మా ఇంట్లో ఏటా ఆ రాత్రి ఇంటినిండా జనం. మూడేళ్ళ కిందట అలాగే గారెలు తిని, చావిట్లో చాపలు పరుచుకుని కూర్చున్నాం. మొత్తం పద్నాలుగు మందిమి. టీవీ చూసి చూసి విసుగొచ్చి, కాలేజీలో చదివే మా చిన్నాన్న కొడుకు ట్రూత్ ఆర్ డేర్ ఆడదామన్నాడు. సీసా ఎవరివైపు ఆగితే వాళ్ళు అడిగినదానికి నిజం చెప్పాలి, అది ట్రూత్. లేదంటే చెప్పిన పని చేయాలి, అది డేర్. సీసా తిరిగి తిరిగి మా అక్క కూతురు దగ్గర ఆగింది. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. ట్రూత్ అంది.

"ఇంట్లో ఎవరికీ తెలీని సంగతి ఒకటి చెప్పవే" అన్నాడు వాడు.

పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అమ్మ బీరువాలో పట్టుచీరల కింద డబ్బులు దాచింది. నాన్నకి చెప్పొద్దంది."

మా బావ నవ్వాడు. అక్కా నవ్వింది. మేమందరం పగలబడి నవ్వాం. మర్నాడు ముక్కనుమ. మాంసం కూర పొయ్యి మీద ఉండగానే పంచాయితీ మొదలైంది. డ్వాక్రా డబ్బుల్లో నాలుగేళ్ళుగా కొంచెం కొంచెం మిగిల్చి, పిల్ల చదువుకని దాచుకున్న సొమ్ము అది. తప్పు పని కాదు. కానీ అందరి ముందూ బయటపడేసరికి అక్కకి తలకొట్టేసినట్టయింది, బావకి అవమానమనిపించింది. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు.

అప్పటినుంచి ఈ ఆట విషయంలో నాదొక లెక్క. రేపు పొద్దున్న ఒకే కుండలో వండుకు తినాల్సినవాళ్ళ మధ్య ఆడితే డేర్ ఎక్కువ, ట్రూత్ తక్కువ ఉండాలి. చుట్టరికాలు లేని స్నేహితులతో, ముఖ్యంగా హాస్టళ్ళలో ఆడితే ట్రూత్ ఎక్కువ, డేర్ తక్కువ. చాలామంది దీన్ని తిరగేసి ఆడతారు. పిల్లలున్నారని ఇంట్లో "ప్రశ్నలే చాలులే" అంటారు, కుర్రాళ్ళు కదా అని హాస్టల్లో డేర్ల మీద డేర్లు పెట్టుకుంటారు. రెండుచోట్లా గొడవే.

కారణం పెద్దదేం కాదు. ఇంట్లో ఏ నిజమూ ఒక్కరిది కాదు. మీరు మీ నిజం చెప్పామనుకుంటారు, దాని వెనక మీ వదినో మామయ్యో బయటపడతారు. అదే హాస్టల్లో నా నిజం నాదే, మా ఇంట్లోవాళ్ళెవరూ అక్కడ కూర్చుని లేరు. ఇక డేర్ సంగతి చూస్తే, ఇంట్లో పెద్దవాళ్ళ కళ్ళముందు ఎవడూ మరీ పిచ్చి పని చేయించడు. హాస్టల్లో ఆపేవాడు లేడు, చేతిలో ఫోన్, పైన డాబా, పక్కన ఏరు.

ఆట కొత్తదేం కాదు. 1712 నాటికే ఇంగ్లండ్‌లో ప్రశ్నలు, ఆజ్ఞలు అనే పేరుతో ఇలాంటిదొకటి ఉండేది. అడిగినదానికి జవాబు చెప్పకపోతే జరిమానా కట్టాలి, లేదంటే మొహానికి మసి పూసేవాళ్ళు. మనకి అంతకన్నా దగ్గరిది ఒకటుంది. కొత్త కోడలు గడప దాటబోతుంటే ఆడపడుచులు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వరు చూడండి, అది ఈ ఆట కాక మరేమిటి? ప్రశ్న ఒకటే, జవాబు అందరికీ తెలుసు, ఎవరి కొంపా మునగదు. సరదా అంతా ఆ పిల్ల ఎలా చెబుతుందన్నదాన్లోనే ఉంది. ఇంట్లో ఆడే ట్రూత్ ఎలా ఉండాలో చెప్పమంటే దాన్నే చూపిస్తాను.

ఇక వయసుల సంగతి.

ఎనిమిది, తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకి ట్రూత్ పూర్తిగా తీసేయండి. వాళ్ళు అబద్ధమాడతారని కాదు, ఆడలేరనే. దాని బదులు "ఏది కావాలి" అడగండి. దోసె లేకుండా ఉండగలవా, ఐస్‌క్రీమ్ లేకుండానా? వాన కావాలా, సెలవు కావాలా? పిల్లలు దీనికే తెగ ఆలోచిస్తారు, ఒకళ్ళతో ఒకళ్ళు వాదనకి దిగుతారు. డేర్లు ఒంటితో చేసేవి అయితే మంచిది. పులి నడక, కప్ప గెంతు, తాతయ్యలా దగ్గడం, నెత్తిమీద చింతపిక్క పెట్టుకుని పడకుండా వీధరుగు దాకా వెళ్ళి రావడం. "కాకీక కాకికి కాక కేకికా" అని గుక్కతిప్పుకోకుండా ఐదుసార్లు అనమంటే మా పిల్లలు అరగంట గడిపేశారు. పెద్దవాళ్ళు కూడా అందులో తప్పులు పోతారు, పిల్లలకి కావాల్సింది అదే. పావుగంట, ఇరవై నిమిషాలు దాటనివ్వొద్దు. ఆ తర్వాత ఎవరో ఒకరు ఏడుస్తారు.

పది నుంచి పదమూడేళ్ళవాళ్ళ దగ్గర ఒక్క జాగ్రత్త చాలు. "నీకు క్లాసులో ఎవరంటే ఇష్టం?" అన్న ప్రశ్న రానివ్వకండి. మనకి అది ముద్దుగా ఉంటుంది. సోమవారం బడికెళ్ళాల్సింది వాళ్ళు. పేర్లు చెప్పించే ప్రశ్నలు వద్దన్న నియమం ముందే పెడితే చాలు, మిగతాది వాళ్ళే చక్కగా ఆడుకుంటారు. నిజానికి ఈ ఆటకి అన్నిటికంటే బాగా సరిపోయే వయసు ఇదే.

హాస్టల్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. నేను శ్రీకాకుళంలో ఒక హాస్టల్లో నాలుగేళ్ళు ఉన్నాను. రెండో ఏడాది ఒక రాత్రి డాబా మీద ఆట. ఒకడికి డేర్ పడింది, పిట్టగోడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి. మూడంతస్తులు. వాడు నడిచాడు. చివర్లో కాలు జారింది. అదృష్టం బాగుండి లోపలివైపు పడ్డాడు, మణికట్టు విరిగింది. బాత్రూంలో పడ్డానని ఇంట్లో చెప్పాడు. ఆ డేర్ పెట్టినవాడు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ రోజు మాకెవరికీ ఒద్దనాలని తోచలేదు. ఆటలో ఉన్నప్పుడు తోచదు, అదే చిక్కు. అందుకే నియమాలు ముందే పెట్టుకోవాలి, సీసా తిప్పాక పెట్టుకోలేం.

మేం తర్వాత పెట్టుకున్నవి మూడే. ఎత్తు మీద, నీళ్ళ దగ్గర, బండి మీద డేర్ లేదు. బయటివాళ్ళకి ఫోన్ గానీ మెసేజ్ గానీ లేదు. వీడియో లేదు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోటికో, చింతపల్లి బీచ్‌కో వెళ్ళినప్పుడు మొదటి నియమం ఇంకా గట్టిగా పట్టుకోండి. "మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి రా" అన్న డేర్‌లో మోకాలు ఎక్కడుంటుందో కెరటం చూసుకోదు. ఇసకలో కూర్చుని ఆడే ఆట ఇసకలోనే ముగియాలి.

అదే హాస్టల్లో మూడో ఏడాది పరీక్షల ముందు కరెంటు పోయిన ఒక రాత్రి ఒట్టి ట్రూత్ ఆడాం. "ఇక్కడికొచ్చాక ఎప్పుడైనా ఏడ్చావా?" అని అడిగాడొకడు. మొదటివాడు జోకేసి తప్పించుకున్నాడు. రెండోవాడు నిజం చెప్పాడు. ఆ తర్వాత సీసా తిప్పనేలేదు, వరసగా అందరూ చెప్పారు. మెస్‌లో మొదటిరోజు సాంబారు చూసి ఏడ్చినవాడు ఒకడు, నాన్న బస్సెక్కించి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడని ఏడ్చినవాడు ఒకడు. ఇప్పటికీ నా ఫోన్‌లో రోజూ మోగే పేర్లు ఆ రాత్రి కూర్చున్నవాళ్ళవే. అలాంటి ప్రశ్నలు కొన్ని దగ్గర పెట్టుకోండి. ఎప్పుడు అబద్ధమాడి బయటపడ్డావు? ఈ గదిలో ఎవరికి సారీ చెప్పాలి? ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏది చెప్పవు? ప్రేమల గురించి ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు, మీరు రాసుకోనక్కర్లేదు.

సీనియర్లు, జూనియర్లు కలిసి ఆడకండి. చెప్పింది చెయ్యనని జూనియర్ అనలేడు కాబట్టి అది ఆట కిందకి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఏడిపించడం, ఇబ్బంది పెట్టడం, అవమానించడం దాని ప్రకారం నేరాలే. వీటికి ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. "ఊరికే ట్రూత్ ఆర్ డేర్ ఆడాం సార్" అంటే అక్కడ చెల్లదు. ఇందులో ఇరుక్కున్న జూనియర్లు ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చేయొచ్చు.

ఆఫీసువాళ్ళ ఆటకి సీజన్ కార్తీకమాసం. విజయనగరం నుంచి తాటిపూడి వైపు వనభోజనాలకి వెళ్ళి, ఉసిరిచెట్టు కింద పులిహోర తిన్నాక ఎవరో ఒకరు సీసా తీస్తారు. మేనేజరు కూడా వలయంలోనే ఉంటాడు. అక్కడితో ట్రూత్ చచ్చిపోతుంది. "నా గురించి నిజంగా ఏమనుకుంటున్నారు?" అని ఆయన సరదాగా అడుగుతాడు, ఎదుటివాడికి చెమటలు పడతాయి. డేర్ పెడదామంటే ఆడవాళ్ళని డాన్స్ చేయమని బలవంతం, దాన్ని ఎవరో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఆ పైన ఇంట్లో మాటలు. ఈ గుంపుకి నేనైతే ఈ ఆటే వద్దంటాను. దీని బదులు రెండు నిజాలు, ఒక అబద్ధం ఆడండి. ఒక్కొక్కరు తమ గురించి మూడు ముక్కలు చెబుతారు, ఏది అబద్ధమో మిగతావాళ్ళు పట్టుకోవాలి. ఎంత చెప్పాలో చెప్పేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. మా దగ్గర క్యాషియర్‌గా చేసే ఒక పెద్దాయన "నేను తప్పెటగుళ్ళు ఆడేవాణ్ణి, నాకు ఈత రాదు, నాకు పాము కరిచింది" అన్నాడు. అందరం పామే అబద్ధమన్నాం. ఆయన పంచె కొంచెం పైకెత్తి మచ్చ చూపించాడు. ఆ మధ్యాహ్నమంతా అదే కబురు. తర్వాత తప్పెట లేకుండానే రెండడుగులు వేసి చూపించాడు, ఎవరూ అడక్కుండానే.

కొత్త అల్లుడు, బావలు, మరదళ్ళు ఉన్న పెళ్ళింట్లో పూర్తిగా డేర్ పెట్టుకోవచ్చు. బిందెలో ఉంగరం తీయించడం దగ్గర్నుంచి అక్కడ ఉన్నవన్నీ అవేగా. ఒక్క ప్రశ్న మాత్రం అల్లుణ్ణి అడగకండి, "పెళ్ళికి ముందు..." అని మొదలయ్యేది ఏదైనా సరే.

సీసా, చీటీలు, గవ్వలు, ఫోన్ యాప్. ఏది మంచిదని అడుగుతుంటారు. నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఉంటే సీసాయే సుఖం. గచ్చు నేల మీద ఖాళీ సీసా బాగా తిరుగుతుంది, కొంచెం నీళ్ళుంటే తూగి పక్కకి పోతుంది. చాప మీద, ఇసకలో తిరగదు, స్టీలు కంచం బోర్లించి దాని మీద తిప్పండి. పది మంది దాటితే సీసా ఎప్పుడూ ఇద్దరి మధ్యే ఆగుతుంది, నీకంటే నీకని గొడవ. అప్పుడు చీటీలే దిక్కు. రాజు, రాణి, దొంగ, పోలీసు ఆడినవాళ్ళకి చీటీలు మడవడం కొత్తగా నేర్పక్కర్లేదు. చీటీలతో ఇంకో లాభం ఉంది. రాసినవన్నీ ఒక పెద్ద మనిషి ముందే చదివి, తేడాగా ఉన్నవి తీసి పారేయొచ్చు. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు అక్కదే, కారణం చెప్పక్కర్లేదు. యాప్‌లు నాకు నచ్చవు. వాటిలో చాలా ప్రశ్నలు ఎక్కడివాళ్ళ పార్టీలకో రాసినవి. మన పెద్దమ్మ ఎదురుగా తెరమీద ఏ ప్రశ్న ప్రత్యక్షమవుతుందో వచ్చేదాకా తెలీదు, మధ్యలో ప్రకటనలు. చదువులు అయిపోయి ఉద్యోగాల్లో ఉన్న స్నేహితులకైతే సరే.

గవ్వలు ముసలివాళ్ళ కోసం. ఇది నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నేర్చుకున్నాను.

2018 దసరా సెలవులకి వజ్రపుకొత్తూరు వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాను. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. పొద్దున లేచి చూస్తే కొబ్బరిచెట్లూ జీడిమామిడి చెట్లూ పడుకున్నట్టు వరసగా ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ లేదు, టవర్ అసలే లేదు. రోజుల తరబడి అంతే. పగలు చెట్లు నరకడం, సాయంత్రమయ్యేసరికి చీకటి, కొవ్వొత్తి. ఆ చీకట్లో పిల్లల్ని భయపడకుండా ఉంచాలని నేనే ఈ ఆట మొదలెట్టాను. అమ్మమ్మకి ట్రూత్, డేర్ అంటే అర్థం కాలేదు. నిజం చెబుతావా, చెప్పిన పని చేస్తావా అని అడిగితే, "నానేటి సెప్తాను, ఆ గవ్వల్ని అడుగు" అంది. అష్టాచెమ్మా గవ్వలు నాలుగూ తెచ్చింది. వెల్లకిలా ఒకటిగానీ మూడుగానీ పడితే నిజం. రెండు పడితే పని. నాలుగూ ఒకేలా, అంటే చెమ్మ గానీ అష్ట గానీ పడితే వాళ్ళే ఎవరినైనా అడగొచ్చు. సీసా లాగా ఇది ఎవరివైపూ వేలు చూపించదు. నిజమా, పనా అన్నది గవ్వ తేలుస్తుంది కాబట్టి, పెద్దవాళ్ళకి పిల్లల ముందు "డేర్" అని అడిగి చేయించుకున్నట్టుండదు.

అమ్మమ్మకి మూడు పడింది. తాతయ్యని మొదటిసారి చూసినప్పుడు ఏమనిపించిందని అడిగాను.

"పెళ్ళికి ముందు సూడనేదు. పీటల మీద తల వంచుకుని కూకుంటే ముందు కాళ్ళే అగుపడ్డాయి. ఒలమ్మో, ఈ కాళ్ళతోటేనా నాను బతకాలని ఏడుపొచ్చేసింది."

తాతయ్య మంచం మీద నుంచి, "ఇన్నాళ్ళూ ఒక్కసారి సెప్పనేదు సూడు" అన్నాడు. తర్వాత కొవ్వొత్తి వెలుగులో తన కాళ్ళు తానే కాసేపు చూసుకున్నాడు.

ఇంట్లో ట్రూత్ తక్కువ ఉండాలన్నాను కదా, ముసలివాళ్ళకి మాత్రం అది వర్తించదు. యాభై ఏళ్ళు ఊరిన నిజానికి కారం ఉండదు. వాళ్ళని బడి గురించి, మొదటి జీతం గురించి, చూసిన మొదటి సినిమా గురించి, చిన్నప్పుడు చేసిన దొంగతనం గురించి అడగండి. భూముల గురించి, వాటాల గురించి, ఏ కొడుకు మంచివాడన్నదాని గురించి అడగకండి. అవి ఎన్నేళ్ళయినా పచ్చిగానే ఉంటాయి. డేర్ పడితే పాటో, జముకుల కథలో రెండు ముక్కలో చాలు.

తిండి డేర్లు పెట్టేముందు ఒంటి సంగతి కనుక్కోండి. షుగరున్నవాళ్ళకి బెల్లం జీళ్ళు, బీపీ ఉన్నవాళ్ళకి ఊరగాయ వద్దు. ఉద్దానం ఇళ్ళల్లో ఇంకో మాట. అక్కడ కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళు, డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవాళ్ళు చాలామంది. గటగటా చెంబుడు నీళ్ళు తాగేయమన్న డేర్ పిల్లలకి సరదాగా ఉంటుంది, డాక్టరు గ్లాసు లెక్కన నీళ్ళు తాగమన్న మనిషికి అది ప్రమాదం. ఆయన కుర్రాడైనా సరే, పైకి బాగానే కనిపించినా సరే.

అన్ని వయసులవాళ్ళూ ఒకేచోట ఉన్నప్పుడు ఏం చేయాలన్నది చాలా ఇళ్ళల్లో వచ్చే ప్రశ్న. పిల్లల ప్రశ్నలు, పెద్దల ప్రశ్నలు వేర్వేరు గిన్నెల్లో పెట్టి, ఎవరి గిన్నెలోంచి వాళ్ళు తీయండి. తొమ్మిదింటికి పిల్లలు పడుకున్నాక పెద్దల గిన్నె. దానికి తోడు మనిషికి రెండు పాస్ చీటీలు ఇవ్వండి. నచ్చని ప్రశ్న వస్తే చీటీ కింద పెట్టేయడమే, ఎందుకని ఎవరూ అడగకూడదు. ఇవి ఇచ్చిన తర్వాత మా ఇంట్లో ఆట నిజంగా మెరుగయింది. పాస్ చీటీ చేతిలో ఉందన్న ధైర్యంతో జనం వాడకుండానే చెప్పేస్తున్నారు.

మొన్న కనుమకి అలాగే ఆడాం. మా మేనకోడలికి ఇప్పుడు పదకొండేళ్ళు. తన పాస్ చీటీలు రెండూ వాడలేదు. రాత్రి పదింటికి మా అక్కకి ట్రూత్ పడింది, ఆమె చీటీలు అప్పటికే అయిపోయాయి. ప్రశ్న విప్పి చూసుకుని గతుక్కుమంది. పిల్ల మెల్లగా వెళ్ళి వాళ్ళమ్మ చెవిలో ఏదో అంది. అక్క దాని వంక గుడ్లురిమి చూసి, పమిట చెంగులో ముడివేసిన యాభై రూపాయల నోటు తీసి చేతిలో పెట్టి, చీటీ కొనుక్కుంది.

బావ అంతా చూస్తూనే ఉన్నాడు. ఏమీ అడగలేదు.